అరువు తెచ్చిన పిల్లలు

ఆ రోజుల్లో మాకు తిండికన్నా పరువే ముఖ్యం. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే పక్కింటి కుర్చీలు, ఎదురింటి స్టీలు గ్లాసులు, అవసరమైతే వెనకింటి కోడిపుంజు కూడా మావే అయిపోయేవి. ఇన్నేళ్లుగా నేను నోరు విప్పని సంగతి ఒకటుంది. పెనుకొండ దగ్గర మా ఊళ్లో గడగడా కథ చదివి, విదేశం నుంచి వచ్చిన అమ్మాయిని మురిపించిన పిల్లలిద్దరూ మా ఊరివాళ్లు కారు. ధర్మవరంలో ఉన్న మా అక్క పిల్లలు. వాళ్లను బస్సెక్కించి తెచ్చింది నేనే.

అప్పుడు నేను హిందూపురంలో డిగ్రీ ముగించి, ఇంగ్లీషు బాగా వచ్చునన్న నమ్మకంతో (ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేది) ఆ అమ్మాయికి దుబాసీగా కుదిరాను. పల్లె పిల్లలు చదవడం ఎట్లా నేర్చుకుంటారో తెలుసుకునే పరిశోధనకు సాయంగా, జీతం లేకుండా ఆమె అంత దూరం నుంచి వచ్చింది. పిల్లలు చదవలేక తడబడే ఊళ్లో సాయంత్రం బడి పెట్టి బొమ్మల పుస్తకాలు ఇస్తారని నాకు వివరంగానే చెప్పింది. నేనూ మా అవ్వకు వివరంగానే చెప్పాను. అవ్వ మాత్రం, "ఇంటికొచ్చినోల్ల ముందర మాకు లేదని చెప్పుకుంటారా యాడైనా? పక్కూరోల్లు మనల్ని జూసి నగరా?" అంది. ఊరంతా ఆ మాటే పట్టుకుంది. నాకూ సబబుగానే తోచింది. ఆ అమ్మాయి వచ్చే రోజు పక్కింటి చిన్నపిల్ల ఒకతె బొమ్మల పుస్తకం చూద్దామని పొద్దున్నే తల దువ్వుకుని వస్తే, అక్షరాలు సరిగా రావని నేనే గొర్రెల వెంట తోలేశాను.

మా మేనల్లుడు కథ అదరగొట్టాడు. వాడి చెల్లెలు ఊపిరి కూడా తీసుకోకుండా చదివింది. విదేశీ అమ్మాయి చప్పట్లు కొట్టి, మీ నాన్న ఏం చేస్తాడని వాణ్ని అడిగింది. "మగ్గం నేస్తాడు" అన్నాడు వాడు. మా ఊళ్లో మగ్గమన్నదే లేదు. గొర్రెలు కాస్తాడని ఇంగ్లీషులో చెప్పాను. అయితే మీ ఇల్లు చూపించమంది. వాడు ధీమాగా నడిచి, ఎదురుపడిన మొదటి ఇంట్లోకి దూరాడు. ఆ ఇంటి తాతకు మా ఏర్పాటు సంగతి తెలియదు. "ఎవరబ్బా నువ్వు? మా ఇంట్లో ఏం చేస్తాండావు?" అన్న కేకా, వెనకే ఒక దెబ్బా వినిపించాయి. తాత ముద్దు చేస్తున్నాడని చెప్పాను. వీపు తడుముకుంటూ బయటికొచ్చిన మనవడికి ఆమె ఫోటో కూడా తీసింది.

ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. సాయంత్రం బడీ పుస్తకాలూ పక్కూరికి వెళ్లాయి. మేము మాత్రం గెలిచినవాళ్లలాగా తిరిగాం.

మొన్న హిందూపురంలో పూలు కొంటుంటే, అమ్మే మనిషి నన్ను గుర్తుపట్టింది. ఆ పక్కింటి పిల్లే. ఒళ్లో ఒకటో తరగతి వాచకం ఉంది. "మా పాప చదువుతాంటే పక్కన కూసోని నేనూ నేర్చుకుంటాండా అన్నా" అంది. అన్నీ తెలుసనుకున్న ఆనాటి దుబాసీ మీద నాకు నవ్వొచ్చింది. జరిగిందంతా అక్కడే చెప్పేశాను. తాత దెబ్బ దగ్గర ఆమె పూలబుట్ట పట్టుకుని మరీ నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా, "నేనేం తప్పు చేస్తే తోలేసినారో అని చానా దినాలు అనుకుంటాంటి" అంది.

"నువ్వేం చేయలేదు తల్లీ. తప్పు నాదే. నన్ను మన్నించు" అన్నాను.