పదిహేనో రోజు ఫోన్

మా సారమ్మక్కకు పెండింగ్ అనే మాట పడదు. కాశిబుగ్గ నుంచి రెండు ఆటోలు మారి మా దవాఖానకు వస్తుంది, అయినా అందరికన్నా ముందే కుర్చీలో ఉంటుంది. ఆమె పని ఫోన్లు చేయడం. కడుపులో క్యాన్సర్ గడ్డ తీయించుకుని ఇంటికి పోయినవాళ్లకు పదిహేనో రోజు, ముప్ఫయ్యో రోజు, తొంభయ్యో రోజు ఫోన్ చేసి, కుట్లు మానాయా, జ్వరం ఉందా, అన్నం తింటున్నారా అని అడిగి ఫారం నింపాలి. ఆపరేషన్ తర్వాత ఎవరికి ఏ ఇబ్బంది వస్తోందో తేల్చడానికి డాక్టర్లు చేస్తున్న పరిశోధన అది. ఊళ్లలో ఆమె పేరు ఫోనక్క. ఆమె రాసిన ఫారాలు కంప్యూటర్‌లో ఎక్కించేది నేను, హారికను.

కట్టయ్యది ఏటూరునాగారం అవతల ఊరు. పేగులో గడ్డ ఉన్న ముక్క కోసేసి, మిగిలిన పేగును కలిపి కుట్టారు. ఇంటికి పంపే రోజు ఆయనకూ, భార్య యాకమ్మకూ సారమ్మక్క గట్టిగా చెప్పింది, పదిహేనో రోజు నేనే ఫోన్ చేస్తాను, ఏమున్నా నాకు చెప్పండి అని.

ముప్ఫయ్యో రోజు ఫోన్ యాకమ్మ ఎత్తింది. స్పీకర్‌లో నేనూ విన్నాను. జ్వరం సంగతి అడిగితే, అదంతా పోయిందంది. అన్నం తింటున్నాడా అని కూడా అడిగింది.

“పెడుతనే ఉన్న బిడ్డా. ముడుతలేడు.”

ఆయనకు ఫోన్ ఇమ్మంటే, వాగు కాడ ఉన్నాడంది. ఆకలి లేదు, వాగు దాకా నడుస్తున్నాడు అని సారమ్మక్క రాసుకుంది. యాకమ్మ ఫోన్ పెట్టలేదు.

“నీ కోసమే చూస్తాండు. నువ్వస్తె తింటడు.”

ఆ గొంతు నాకెందుకో మామూలుగా అనిపించలేదు. సారమ్మక్కకు మాత్రం వేరే ఫికర్ పట్టుకుంది. నెల దాటుతున్నా తినలేకపోతున్నాడంటే పేగు కుట్టు దగ్గర ఏదో తేడా ఉంది, వెంట తీసుకొచ్చి చూపించాలంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.

యాకమ్మ గడపలోనే నిలబడి ఉంది. మేం వస్తామని ఎవరూ చెప్పలేదు. అన్నం గిన్నె చేతపట్టుకుని, వాగు వైపు మా ముందు నడిచింది. వాగు ఒడ్డున మనిషి కోసం చుట్టూ చూశాను. చితి బూడిద కనిపించింది. పక్కనే బండ మీద నాలుగు విస్తళ్లలో అన్నం ఎండి రాయిలా ఉంది. పైన చెట్టు నిండా కాకులు. ఒక్కటీ అరవడం లేదు.

పోయినవాళ్ల పేరున పిట్టకు పెట్టడం మా దిక్కు అందరికీ తెలిసిందే. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి కోరిక ఏదో మిగిలిందనుకుని, అది తీరుస్తామని ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాటిస్తారు. కట్టయ్యకు కొడుకు, తమ్ముడు అందరూ మాటిచ్చారట. మూడో రోజు నుంచి పదకొండో రోజు దాకా ఒక్క మెతుకూ కదల్లేదు.

యాకమ్మ ఐదో విస్తరి పరిచి సారమ్మక్క వైపు తిరిగింది.

“కడుపు ఉబ్బింది, కుట్ల కాడ కారుతాంది, దవాఖానకు పోదాం అన్న. ఫోనక్క చేస్తనన్నది, ఆమెనడిగి పోదాం అన్నడు. సిగ్నల్ మంచిగ దొరికే గుట్ట కాడ ఫోన్ పట్టుకొని నాలుగు దినాలు కూసున్నడు. ఎందుకు చెయ్యలే బిడ్డా?”

ఆ పదిహేనో రోజు ఫారం ఎక్కించింది నేనే. ‘మాట్లాడాను, ఏ ఇబ్బందీ లేదు’ అని ఉంది అందులో. సారమ్మక్క రాతను నేను ఏనాడూ అనుమానించలేదు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది.

ఇలాంటి వాటికి ఆమడ దూరంలో ఉండే చర్చి మనిషి సారమ్మక్క, ఆ విస్తరి ముందు మోకాళ్ల మీద కూలబడింది.

“కట్టన్నా, నేను ఫోనే చెయ్యలే. క్రిస్మస్ తొందరల బాగున్నవని రాసి పెట్టిన. ఇప్పుడు పోయి ఉన్నదున్నట్టు రాస్త.”

ఒక కాకి దిగింది. అన్నం వైపు పోలేదు. ఆమె మోకాలి దాకా నడిచొచ్చి, మెడ వంచి ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అప్పుడు పోయి ముట్టింది. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. కానీ నా కళ్లతో చూశాను. యాకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తిరుగు బస్సులో అడిగాను, ఆ రోజు అలా ఎన్ని రాశావని. పండగ వారంలో చేయాల్సినవి ఎనిమిదీ ఒక్క సాయంత్రమే రాసేసిందట. కట్టయ్యది అందులో మొదటిది.

మర్నాడు పెద్ద డాక్టరుకు అంతా చెప్పి, కట్టయ్య ఫారం కొట్టేసి మళ్లీ రాసింది. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు మిగిలిన ఏడుగురికీ ఫోన్ చెయ్యమన్నాడాయన. పక్కనే కూర్చున్నాను. మొదటి ఫోన్ చాలాసేపు మోగింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది. సారమ్మక్క ఫారం బోర్లించి, అందులో లేని ప్రశ్న అడిగింది.

“అమ్మా, ఆయన ఉన్నడా?”

“ఉన్నడు. నీ కోసమే చూస్తాండు.”

సారమ్మక్క నా చేయి గట్టిగా పట్టుకుంది.

“ఇంట్లనే ఉన్నడా, అమ్మా?”