ఏ కొండ అని చెప్పలేదుగా

మా అమ్మ మొక్కుల మనిషి. మా నాన్న దేవుడి పేరెత్తితే చాలు, చిరాకు పడే మనిషి. ఈ ఇద్దరినీ ఒకే కార్‌లో కూర్చోబెట్టి కొండ మీది గుడికి తీసుకెళ్ళిన ఘనత నాది. అంతా నా నోటి దురద.

రెండువేల తొమ్మిది వేసవిలో వాళ్ళు అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి ఆరు నెలలుండటానికి వచ్చారు. ఒకరోజు వంట చేస్తూ, గంటన్నర దూరంలో ఒక కొండ శిఖరం మీద జపాన్ వాళ్ళ షింటో గుడి ఉందట, ఆఫీస్‌లో చెప్పుకుంటుంటే విన్నాను అన్నాను. ఊరికే, మాటల్లో మాటగా. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పైదాకా కారు పోతుందా?"

"పోదు. అరగంట నడవాలట."

"మెట్లా?"

"మెట్లేం లేవమ్మా, మెల్లగా ఎక్కే దారేనట. ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు. ఏడేళ్ళ కిందట నాన్నకి బైపాస్ జరుగుతున్నప్పుడు ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి అమ్మ మొక్కుకుంది. ఈయన బతికి బయటపడితే ఇద్దరం కలిసి కాలినడకన కొండెక్కి నీ దర్శనం చేసుకుంటాం స్వామీ అని. నాన్న బయటపడ్డాడు. "నన్ను బతికించింది సర్జన్. ఆ మొక్కేదో ఆయనకే చెల్లించు" అన్నాడు. పైగా తిరుమల మెట్లు ఎక్కొద్దని డాక్టర్ చెప్పాడు, ఆయనకి మంచి సాకు దొరికింది. అప్పటినుంచీ నాన్న తుమ్మినా దగ్గినా అమ్మకి ఆ మొక్కే గుర్తొచ్చేది. మళ్ళీ ఏమన్నా జరిగితే అది తన వల్లే అని ఆవిడ భయం.

"అమ్మా, అది మన కొండ కాదు. ఆయన మన స్వామీ కాదు."

"ఏ కొండ అని నేను చెప్పలేదుగా! కొండ అన్నాను, స్వామీ అన్నాను. నాకు బాగా గుర్తు."

లాయర్ కావలసిన మనిషి. నాన్నకి మాత్రం గుడి అని చెప్పొద్దని నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

శనివారం బయల్దేరాం. నాన్నకి హైకింగ్ అని చెప్పాను. అమ్మ పట్టుచీర కట్టుకుని, కింద నా స్పోర్ట్స్ షూస్ వేసుకుని దిగింది. భుజాన సంచీలో పులిహోర డబ్బా. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. షుగర్ ఉన్న మనిషివి, ఇదేం పని అని గొణిగితే, దర్శనం అయ్యాకే తింటానని కళ్ళతోనే గదమాయించింది.

"హైకింగ్‌కి పట్టుచీరేమిటే?" అన్నాడు నాన్న.

"ఫొటోలకి" అంది అమ్మ, రెప్ప కూడా ఆర్పకుండా.

సగం దారిలో సిగ్నల్ పోయింది. "నీ జీపీఎస్ మనకంటే ముందే కొండెక్కింది" అని నాన్న నవ్వాడు. శుభమా అని బయల్దేరితే ఆ మాటలేమిటని అమ్మ కసిరింది. హైకింగ్‌కి శుభమేమిటి, అశుభమేమిటి అని ఆయన. నేను స్టీరింగ్ కరుచుకుని కూర్చున్నాను.

నడక మొదలయ్యాక ఇంకా ఘోరం. పది అడుగులకోసారి అమ్మ వెనక్కి తిరిగి, "ఏవండీ, ఆయాసంగా ఉందా?" అనడం, "నువ్వు అడగకపోతే ఉండదు" అని ఆయన విసుక్కోవడం. అరగంట దారి గంట పట్టింది.

పైన తలుపుల్లేని ఎర్రటి చెక్క ద్వారం కనిపించింది. నాన్న దాని ముందు ఆగిపోయాడు. అమ్మవైపు చూడలేదు, నావైపు చూశాడు.

"ఇది గుడి కదూ?"

నేను నేల చూశాను.

"నువ్వు కూడానా!" అని, పక్కనున్న బల్ల మీద గుడికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అమ్మ బూట్లు ద్వారం దగ్గరే విడిచేసి గులకరాళ్ళ మీద వట్టి కాళ్ళతో నడిచింది. చేతులు కడుక్కోవడానికి తొట్టిలో పెట్టిన నీళ్ళని తీర్థమనుకుని తాగబోతే ఆఖరి క్షణంలో ఆపాను. ఎదురుగా చిన్న చెక్క గుడి. లోపల తలుపులు మూసి ఉన్నాయి. అమ్మ దండం పెట్టి ఎదురుచూడటం మొదలుపెట్టింది.

తెల్లటి అంగీ వేసుకున్న ఒక అమెరికన్ ఆవిడ ఆకులు ఊడుస్తోంది. వెళ్ళి అడిగి వచ్చాను.

"ఆ తలుపులు తీయరటమ్మా. దేవుడు లోపలే ఉంటాడట, ఎవరూ చూడరట. తను కూడా ఎప్పుడూ చూళ్ళేదట."

"నైవేద్యం పెడుతుంటారు. అయ్యాక తీస్తారు."

"తీయరని ఆవిడే చెప్పిందమ్మా!"

"నీకు ఆవిడ ఇంగ్లీషు అర్థమై ఉండదు."

తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో పొద్దున లేస్తే ఇంగ్లీషులోనే మీటింగులు నడుపుతున్నదాన్ని! నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మాత్రం బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. అరగంటయింది. ముప్పావుగంటయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. బల్ల దగ్గరికి వెళ్ళాను.

"తిందా?" అన్నాడు నాన్న, తిరక్కుండానే.

"దర్శనం కాందే తినదట."

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదా? షుగర్ మనిషి! బుద్ధుందా మీ ఇద్దరికీ?"

అంతే, నాకు తిక్క రేగింది. "నువ్వు ఇక్కణ్ణుంచి కదలవు, ఆవిడ అక్కణ్ణుంచి లేవదు. మీ ఇద్దరి మధ్య నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా? నా వల్ల కాదు. నేను కార్‌లో కూర్చుంటాను, మీరిద్దరూ ఇక్కడే కాపరం పెట్టుకోండి!"

నాన్న వంగి, సణుక్కుంటూ లేసులు విప్పుకుని, బూట్లు అమ్మ బూట్ల పక్కన పెట్టాడు. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు. నేను చూస్తున్నానేమోనని ఒకసారి ఇటు చూశాడు. ఉడతని చూస్తున్నట్టు నటించాను. రెండు చేతులూ జోడించాడు. తర్వాత అమ్మ భుజం తట్టాడు.

"లే. అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"ఇప్పుడే తలుపులు తీసి మూశారు. నువ్వు కళ్ళు మూసుకున్నావ్. నేను చూశాను."

ఊడ్చే ఆవిడ ఎక్కడో దూరాన ఉంది. తలుపులు వెంట్రుకవాసి కదల్లేదు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"అయ్యో, ఎలా ఉన్నాడండీ?"

జన్మలో ఏ దేవుణ్ణీ వర్ణించని మనిషి, ఇరుక్కుపోయాడు. "ఎలా ఉంటాడు... బాగానే ఉన్నాడు. ఆరోగ్యంగా."

"నన్ను చూశాడా?"

"చూశాడు. తినమన్నాడు."

అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఇద్దరూ ఆ బల్ల మీదే కూర్చుని పులిహోర తిన్నారు. ఉప్పు తగ్గిందని నాన్న వంక పెట్టాడు.

తిరుగు దారిలో నాన్న వెనక సీట్లో నిద్రపోయాడు. అమ్మ నా పక్కన కూర్చుంది. నిజం దాచడానికి నాకు మనసొప్పలేదు.

"అమ్మా, ఆ తలుపులూ..."

"తాళం కప్ప వేసుంది. వెళ్ళగానే చూశాను."

"మరి గంటసేపు దేనికోసం కూర్చున్నావే తల్లీ, నా ప్రాణం తీయడానికా?"

అమ్మ వెనక్కి తిరిగి, నిద్రపోతున్న నాన్నని ఒకసారి చూసుకుంది.

"ఇద్దరం కలిసి అని మొక్కుకున్నానే" అంది. "ఆయన లేచి రావద్దూ?"