నాకెప్పుడూ గట్ల కాలే

ఒక చిన్న అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఎంత చిన్నదంటే, దాన్ని ఆడటానికి ఊపిరి కూడా పీల్చుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయనది బొగ్గుబాయిలో నౌకరి. నాకు ఒక్కతే చెల్లెలు. ఆమె పేరు సలోమి అనుకోండి. మమ్మల్ని కన్న అవ్వ తొందరగా పోయి, బాపు ఒక్కడే మిగిలాడు. సలోమికి తల దువ్వి, జడలేసి బడికి పంపింది నేనే.

పెళ్లైన కొత్తలో నాకు భయం మొదలైంది. దేని భయం? ఇప్పటికీ చెప్పలేను. బోర్డు మీద లెక్క రాస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి, ఇక్కడే, ఈ పిల్లల ముందే చచ్చిపోతాననిపించేది. గుండె పరీక్షల్లో ఏమీ లేదన్నారు. చివరికి ఇంట్లో పంటినొప్పి అని చెప్పి కరీంనగర్ బస్సెక్కాను, మనసు డాక్టరు దగ్గరికి.

అక్కడ కూర్చోవడానికి చోటు లేదు. ఒక మూల మా వీధి చివరింటాయన కనిపించాడు, మోకాళ్ల నొప్పులకు మందు వాడుతున్నానని అందరికీ చెప్పే మనిషి. నన్ను చూసి గోడవైపు తిరిగాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఇంతమందిమి ఉన్నామా? మరి బజారులో, చర్చిలో, బడిలో ఒక్కరమూ కనిపించమేం?

డాక్టరు ఓపికగా చెప్పాడు. భయం, దిగులు వేరు వేరు జబ్బులనుకుంటాం గానీ చాలాసార్లు రెండింటి వేరూ ఒక్కటేనట. అపాయాన్ని కనిపెట్టాల్సిన మెదడు ఊరికే హెచ్చరిస్తూ ఉంటే ఒకరికి భయమవుతుంది, అదే అలజడి ఇంకొకరిని నీరసపరిచి దిగులులోకి దించుతుంది, కొందరికి రెండూ వస్తాయి. ఒకే ఇంట్లో ఒకరికి ఇది, ఒకరికి అది రావచ్చు. తోబుట్టువులకెవరికైనా ఇలాంటిది కనిపిస్తే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నాడు. తలూపాను. ఆయనిచ్చిన గోలీలను గ్యాస్ గోలీల డబ్బాలో పోసి పెట్టుకున్నాను. కొన్నాళ్లకు నయమనిపించింది గానీ గోలీలు మానలేదు. ఎవరికీ తెలియలేదు.

సలోమిని ఆదిలాబాద్ ఇచ్చాం. కొడుకు పుట్టాక ఆమె మాట్లాడటం తగ్గించింది. తల దువ్వుకోదు. బిడ్డను ఎత్తుకోదు. అత్తగారు బద్ధకమన్నారు. చర్చిలో ఎవరో విశ్వాసం సాలదన్నారు. బాపు ఆమెను కొన్నాళ్లు ఉండమని నా దగ్గర దింపిపోయాడు. ఒక మధ్యాహ్నం నేను వంట చేస్తుంటే వచ్చి గడప మీద కూర్చుంది.

"అక్కా, పిల్లగాడు ఏడుస్తుంటె ఇనవడ్తది గని లేవబుద్ధి కాదే. నేను మంచిదాన్ని కాదా?"

"గట్లనకు. జర కడుపునిండ తిను. ప్రార్థన చేసుకో."

"నీకెప్పుడన్న గిట్లయిందా?"

ముందు గదిలో మా అత్త, మా ఆయన కూర్చుని ఉన్నారు.

"లే. నాకెప్పుడూ గట్ల కాలే. మనసు గట్టిగ పెట్టుకోవాలె, సలోమీ."

"అయితె నా ఒక్కదానికే" అని లేచిపోయింది.

ఎందుకన్నాను? మా అత్త వింటుందనా? ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఇంట్లో ఇంకెవరికుందని అడుగుతారనీ, అప్పుడు అందరి చూపూ నా మీద పడుతుందనీ, నౌకరి పోతుందనీ భయపడ్డానా? ఇవన్నీ నిజమే. వీటన్నిటి కింద ఇంకొకటి ఉంది. మా ఇంట్లో గట్టిదాన్ని నేనే. ఆ పేరు వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

సలోమి తిరిగి ఆదిలాబాద్ పోయింది. ఆ తర్వాత ఏడాది తిరగకముందే ఆమె భర్త ఆమెను చెన్నూరులో బాపు దగ్గర దించి, కొడుకును తన దగ్గరే ఉంచుకున్నాడు. పిల్లవాడు తల్లిని పిలిచినట్టు నాయనమ్మనే 'అవ్వా' అని పిలవడం నేర్చుకున్నాడు.

చాలా ఏళ్లకు, సలోమి జ్వరమొచ్చి పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడి నర్సు ఆమె ముఖం చూసి కూర్చోబెట్టి మాట్లాడి, మనసు డాక్టరు దగ్గరికి పంపింది. తోడు నేనే పోయాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అక్కడి డాక్టరమ్మ అడిగింది.

"ఎవ్వరికి లే మేడం. మా అక్కదైతె రాయసొంటి గుండె" అంది సలోమి.

నేను నేల చూశాను. అదీ నా రెండో అబద్ధం. మందుల దుకాణంలో ఆమె చేతికిచ్చిన గోలీలు నా సంచిలో ఉన్నవే.

ఆమె కోలుకుంది. మిషన్ కుట్టుకుంటోంది. కొడుకు సెలవుల్లో వచ్చి పోతాడు. ఆమెను 'మీరు' అంటాడు, చుట్టపామెను అన్నట్టు. మొన్న నా ముందే అలా అన్నాడు. ఆమె నవ్వి అన్నం వడ్డించింది. అది చూశాక నాకు ఎక్కడా కాలు నిలవలేదు.

వారం తిరక్కుండా చెన్నూరు పోయాను. ఆమె జాకెట్టు కుడుతోంది. నిలబడే చెప్పాను, ఆ గోలీలు నేను నీకంటే ముందు నుంచే మింగుతున్నానని. మిషన్ ఆగింది.

"నేనడిగిన నాడు గూడనా?"

"గప్పుడు గూడ."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. సూదిలోంచి దారం తీసి, మళ్లీ ఎక్కించింది. "బస్సు పోతది, పో" అంది.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతుంది. బాపు ఆరోగ్యం గురించి చెప్పి పెట్టేస్తుంది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే క్షమిస్తుంది, ఆమె అటువంటిది. అందుకే అడగలేదు.

ఆ రోజు తిరుగు బస్సులో నాకు ఒళ్లంతా వణికింది. పక్కన కూర్చున్న ముసలామె నా చెయ్యి పట్టుకుని, "ఏమైంది బిడ్డా, పానం మంచిగ లేదా?" అని అడిగింది.

"లేదవ్వా" అన్నాను. "చాన ఏండ్ల సంది మంచిగ లేదు."