మూడో విజిల్ వచ్చేదాకా

ఒక ప్రెజర్ కుక్కర్ నన్ను నిండు మైదానంలో నవ్వులపాలు చేసిన కథ చెబుతాను. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు జాగ్రత్తగా వినండి. వంట చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా వినండి.

మాది బిర్సానగర్. మా ఆదివారం జట్టుకు సిమ్మాద్రన్న కెప్టెన్. కిందటి వారం ఒకడికి తొడ వెనక కండరం పట్టేసి ఓడిపోయాం. అందుకే గమ్హరియా జట్టుతో మ్యాచ్‌కు ముందురోజు అన్న తేల్చి చెప్పేశాడు.

"వంగి కాలివేళ్ళు ముట్టుకోనేనోడ్ని రేపు ఆడించను. కాలెత్తి పెట్టి అర నిమిషం సాగదీయండి, బస్, చాలు."

నా చేతులు మోకాళ్ళు దాటవు. పైగా మా ఆవిడ మొదటిసారి నా ఆట చూడటానికి వస్తానంది. బెంచీ మీది మొగుణ్ణి చూడటానికి ఆవిడ రాకూడదు. అర నిమిషానికి కాస్త సాగే కాలు అరగంటకు రబ్బరైపోతుందని లెక్క వేశాను. ఇలాంటి లెక్కల వల్లే పదో తరగతి రెండుసార్లు చదివాను.

మర్నాడు మా ఆవిడ కుక్కర్లో పప్పు పెట్టి, భాలుబాసాలో ఉన్న వాళ్ళక్కను తీసుకురావడానికి బయలుదేరింది.

"మూడు విజిల్స్ వత్తే స్టవ్ కట్టీండి," అంది.

మొదటి విజిల్ దాకా ఎడమ కాలు కిటికీ గట్టు మీద పెట్టాను. తర్వాత కుడికాలు పెట్టి, మూడోది వచ్చేదాకా దించనని ఒట్టు పెట్టుకున్నాను. రెండోదే రాలేదు. పప్పు మొండిదనుకున్నాను. నేను దానికన్నా మొండివాణ్ణి. కాలు తిమ్మిరెక్కింది, కళ్ళు చెమ్మగిల్లాయి. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు కూడా అంతసేపు కాలెత్తి ఉంచడు.

మా ఆవిడ అక్కతో సహా తిరిగొచ్చింది.

"ఏటి, ఇంకా అలాగే ఉన్నారా? గ్యాసు ఎప్పుడో అయిపోనాది."

అయినా మైదానంలో వంగితే అరచేతులే నేలకు ఆనాయి. సిమ్మాద్రన్న మురిసిపోయి పెనాల్టీ నాకే ఇచ్చాడు. పరుగెత్తి తన్నాను. కాలు గుండెదాకా లేచింది గానీ అందులో బలం లేదు. బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. గోల్‌కీపర్ నింపాదిగా నడుచుకుంటూ వచ్చి చంకన పెట్టుకుపోయాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఎంతసేపు సాగదీసినావురా?" అన్నాడు అన్న.

నేను నోరు విప్పేలోపే గీత అవతల నుంచి మా ఆవిడ అందుకుంది.

"పప్పు ఉడకనేదు గానీ, ఈయన కాలు ఉడికిపోనాది."

రెండు జట్లూ నవ్వాయి, రిఫరీ కూడా. ఆ సాయంత్రమే చల్లారిన కుక్కర్ మీద చెయ్యేసి శపథం చేశాను: గ్యాసు బండ ఊపి చూడకుండా ఈ జన్మలో కాలు పైకెత్తను.