శుక్రవారం మారే కంప్యూటర్

ముజాహిద్ భాయ్ బాగున్న కంప్యూటర్‌ను బాగుండనివ్వడు. మెదక్‌లో ఆయన జిరాక్స్ దుకాణానికి శుక్రవారం సాయంత్రం ఎన్నడూ వెళ్లనివాళ్లకు మాత్రమే ఈ సంగతి తెలియదు. నమాజు నుంచి వస్తాడు, టోపీ మడిచి జేబులో పెడతాడు, విండోస్ లాంటిదే, నెట్‌లో ఉచితంగా దొరికే లినక్స్‌లో కొత్త రకం ఒకటి ఎక్కిస్తాడు. పాతది పోతుంది. దానితోపాటే ప్రింటర్ అలుగుతుంది.

"మొన్ననే గద భాయ్ మార్చినవ్?" అంటారు జిరాక్స్‌కు వచ్చినవాళ్లు.

"గది మంచిదే. గిది ఇంకా మస్తుంటదంట. జర చూస్త."

టీ గ్లాసు పెడుతూ ఆయన భార్య ఫరీహా ఓసారి అంది: "నికా అయిన కాడి నుంచి ఈడ మారనిది నేనొక్కదాన్నే. నా జాగల కూడ కొత్తది వచ్చిందేమో చూస్తుండొచ్చు!"

"నిన్నెందుకు మార్చాలె? నీ ముందర హ్యాంగయ్యేది నేనే గద," అన్నాడాయన, తెర మీంచి కళ్లు తీయకుండా.

ఎంత నవ్వుకున్నా ఆయన లేకపోతే మాకు గడవదు. కళ్ల డాక్టరైనా పళ్ల డాక్టరైనా, హైదరాబాద్ నుంచి ఎవరు ఏ రోజు మెదక్ వస్తారో చెప్పే వెబ్‌సైట్ ఆయనదే. పొద్దున్నే డాక్టర్లందరికీ ఫోన్ చేసి, సరిచూసుకుని రాస్తాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి కూడా, పాప తుమ్మితే పుస్తకంలోని జబ్బులన్నీ గుర్తుచేసుకునే నాలాంటి తల్లికి అది నిత్యపారాయణం.

మా సృజన ఒకటో తరగతి. అద్దాలు పెట్టినా చూపు అంతంత మాత్రమే. ఇక అద్దాలతో అయ్యేది లేదని, అక్షరాలే పెద్దవి కావాలని డాక్టర్ చెప్పాడు. ముక్కు ఆనించి చదువుతుంటే "పుస్తకం వాసన చూస్తుంది" అని బడిలో పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి పుస్తకం ముట్టదు. బతిమాలినా కసిరినా ఒకటే మాట: "నేను చదవ." ఇలాగే చదువు వదిలేస్తుందేమోనని నాకు తిండి సయించేది కాదు. ఓ రోజు తనను తీసుకుని జిరాక్స్ కోసం వెళ్తే, దుకాణంలో కంప్యూటర్ తెరకూ ముక్కు ఆనించింది. ముజాహిద్ భాయ్ చూశాడు.

ఆ తర్వాత ఆయన పిచ్చి ముదిరింది. శుక్రవారం దాకా ఆగడం మానేశాడు. రోజుకో కొత్త లినక్స్. ఒకదాంట్లో అక్షరాలు పెంచితే ఒత్తులు ఊడి పక్కన పడ్డాయట. ఇంకోదాంట్లో సగం మాట తెర దాటిపోయిందట. ఆ పెద్దక్షరాలు వెబ్‌సైట్‌కూ పాకాయి: ఓ ఉదయం దాన్ని తెరిస్తే ఫోన్ నిండా ఒకే మాట: "డాక్టర్". నేను దుకాణానికి వెళ్లేసరికి మందుల షాపు రమేశ్ అప్పటికే అక్కడున్నాడు.

"ఏంది భాయ్ గిది? డాక్టర్ అని ఈడున్నది. పేరు చూద్దామంటే తెరను రామాయంపేట ఊరి దాక జరపాలె!"

"టెస్టింగ్ నడుస్తుంది."

"ఊరంత పరేషాన్ జేసుడు టెస్టింగా?"

"కండ్లకు మంచిగ కనవడ్తుందా లేదా, గది చెప్పు."

"కనవడుడేంది, మీద వడ్డట్టున్నది!"

ఆ వారమే పాత కంప్యూటర్ ఒకటి మోసుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"దుకాణంల జాగ లేదు మేడం. జర మీ కాడ ఉండనియ్యండ్రి."

జాగా లేని మనిషి దాన్ని ఆన్ చేసి, కుర్చీ ఎత్తు కూడా సరిచేశాడు. "బిడ్డా, గీ మీట ఒత్తితే అక్షరాలు పెద్దగైతయ్. అన్ని మంచిగున్నయా చెక్ జేసి పెట్టు. నాకు టైం లేదు."

చదవమంటే చదవని పిల్ల, చెక్ చేయమంటే కూర్చుంది. తెరకు మూరెడు దూరంలో, వెన్ను నిటారుగా. ఒక్క ఒత్తూ ఊడలేదు. ఊరంతా తిట్టిన ఆ టెస్టింగంతా దేనికోసమో నాకప్పుడు అర్థమైంది. తెర మీద ఉన్నది ఆయన వెబ్‌సైటే.

"సోమవారం, పండ్ల డాక్టర్. మంగళవారం, పండ్ల డాక్టర్. బుధవారం... రారు." సృజన వెనక్కి తిరిగింది. "ఎందుకు రారు అంకుల్?"

ముజాహిద్ భాయ్ తప్పు దొరికినవాడిలా తల గోక్కున్నాడు.

"అడగలే బిడ్డా. అడిగి రాస్త."

మర్నాడు పొద్దున మెదక్ పట్నమంతా వెబ్‌సైట్‌లో చదివింది: "బుధవారం పండ్ల డాక్టర్ గారు రారు. పక్కనే హవేలిఘనపూర్‌లో తన పొలంలో వరి నాట్లు చూసుకుంటారు."

ఆ బుధవారం పంటినొప్పి ఉన్నవాళ్లంతా ఆటోలెక్కి నేరుగా పొలం గట్టుకే వెళ్లారు.