చేటంత చెవుల కథ

రాజశ్రీ కథ చెబుతుంటే దూరం నుంచి విన్నవాళ్ళకు పెద్దగా ఏమీ అనిపించదు. గొంతు పెంచదు, పాట పాడదు, రాక్షసుడు వచ్చినా పళ్ళు నూరదు. ఆమె కథ అందాలంటే దగ్గరికెళ్ళి కూర్చోవాలి. చేతులూ, ముక్కూ, బుగ్గలూ అన్నీ ఆమెకు అప్పగించాలి. చిత్తూరులో ఒక చిన్న పిల్లల లైబ్రరీలో ఆమె ఉద్యోగం. మాటలు రాని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, ఒకచోట కుదురుగా ఉండలేని పిల్లలు శనివారం శనివారం ఆమె దగ్గరికి కథకు వస్తారు.

ఈ విద్య ఆమెకు నగరిలో పుట్టింట్లోనే సగం అబ్బింది. ముందుగదిలో మరమగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతుంటే ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అన్నానికి రమ్మనాలంటే అమ్మ వచ్చి భుజం తట్టేది. అమ్మకు కోపంగా ఉందో ముద్దుగా ఉందో ఆ తట్టడంలోనే తెలిసిపోయేది. మిగతా సగం మాత్రం తప్పులు చేసి నేర్చుకుంది.

ఆ తప్పుల్లో పెద్దది పూజిత విషయంలో జరిగింది. పూజితకు ఏడేళ్ళు. పాకాల నుంచి నాయనమ్మ తిరుమలమ్మ బస్సులో తీసుకొస్తుంది. పిల్లకు మాటలు రాలేదు. కాస్త చప్పుడైతే చాలు, రెండు అరచేతులతో చెవులు మూసుకుంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు రాజశ్రీ జాతర కథ పెట్టుకొని, జాతర అన్నాక పలక డప్పులు మోగకుండా ఎట్లా అని ఫోన్‌లో మోత వినిపించింది. పిల్ల బల్ల కింద దూరింది. మరుసటి వారం ఏ మోతా లేదు, అయినా గది చూడగానే ఏడుపు అందుకుంది. తిరుమలమ్మ పరువు పోయినట్టు ఆ చేతులు పట్టి కిందికి లాగడం, పిల్ల మళ్ళీ చెవులకు పెట్టుకోవడం. కథ జరిగినంతసేపూ అదే వరస.

పోతూ పోతూ తిరుమలమ్మ అంది. "ఇంకొక్క వారం సూస్తానమ్మా. అదే కడాసారి. బస్సులో జనం మమ్మల్ని సూసే సూపు నేను పడలేను. మళ్ళీ ఏడిస్తే ఇంట్లోనే పెట్టుకుంటాను."

ఇంట్లోనే అంటే ఏమిటో రాజశ్రీకి తెలుసు. ఒక గది, ఒక టీవీ, మూసిన తలుపు.

ఆ వారమంతా ఒకటే ఆలోచన. వినాయకుడి కథ ఎంచుకుంది. తడి గరిక, బంకమన్ను, ఏలకులు వేసి కాచిన బెల్లం పాకం, ఎలుకకు ముఖమల్ ముక్క, ఏనుగు చెవులకు రెండు చేటలు. ఏ వస్తువైనా ముందు తనమీదే ప్రయోగం. సాయంత్రం కళ్ళు మూసుకొని గరిక నిమురుతూ కూర్చుంటే భర్త చంద్రమౌళి గుమ్మంలో నిలబడి చూశాడు. "దాంట్లో ఏముండాదని అట్ల నిమరతా ఉండావు? పశువులు తినేదే గదా" అన్నాడు. చేతిలో ఇంత గరిక పెడితే మాత్రం ఆయనా వచ్చి పక్కన కూర్చొని కళ్ళు మూసుకున్నాడు.

లైబ్రరీలో ఊడ్చి సర్దే గంగులప్పకు కూడా జాగ్రత్తలు చెప్పింది. కిర్రుమనే ఫ్యాను వద్దు, కుర్చీలు ఈడ్చవద్దు, గంట అసలే వద్దు. కాణిపాకం పక్కనే ఆయన ఊరు, వినాయకుడి మాటెత్తితే చేతులు వాటంతట అవే జోడిస్తాడు. అన్నింటికీ తల ఊపాడు.

శనివారం వచ్చింది. తడి గరిక పిల్లల చేతుల మీదుగా పాకింది, బెల్లం వాసన గదంతా నిండింది. రాజశ్రీ చేటలు రెండూ మెల్లగా ఊపుతూ "చేటంత చెవులు, చల్లని గాలి" అంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. చాప అంచున చెవులు మూసుకొని కూర్చున్న పూజిత బుగ్గకు ఆ గాలి తగిలింది. పిల్ల రెండో బుగ్గ తిప్పింది. రాజశ్రీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గంతులు చప్పుడవుతాయని ఊరుకుంది.

పిల్లలందరి చేతుల్లో నలిగిన మన్ను చివరికి ఒక వంకర వినాయకుడై మధ్యలో కూర్చున్నాడు. అప్పుడే గుమ్మం దగ్గర ఠప్పుమని పేలింది. గంగులప్ప టెంకాయ కొట్టాడు.

పూజిత బల్ల కింద ఉంది. తిరుమలమ్మ సంచీ భుజానికేసుకొని లేచింది.

"ఏం గంగులన్నా" అంది రాజశ్రీ.

"గంట వద్దన్నావు గానీ టెంకాయ వద్దనలేదు గదమ్మా. సామిని కూర్సోబెట్టి టెంకాయ కొట్టకుండా ఎట్ల?" అంటూనే ఆయన బల్ల కిందికి చూశాడు. ముఖం పాలిపోయింది. చిప్పలు పక్కన పెట్టి, మట్టి వినాయకుడి ముందుకొచ్చి, చేతులు అడ్డంగా తిప్పి చెవులు పట్టుకొని, "తప్పయిపాయ సామీ, తప్పయిపాయ" అంటూ గుంజీలు మొదలుపెట్టాడు. మోకాళ్ళు సహకరించకపోయినా ఆపలేదు.

చక్రాల కుర్చీలోని మునిచంద్రకు ఇది కథలో భాగమే అనిపించింది. కిలకిలా నవ్వి వాడూ చెవులు పట్టుకున్నాడు. వాణ్ణి చూసి పక్కపిల్ల, ఆ పిల్లను చూసి వాళ్ళమ్మ. ముందుగా అనుకున్న కథను రాజశ్రీ అక్కడికక్కడే వదిలేసి, తనూ చెవులు పట్టుకొని కిందికి వంగి చెప్పింది.

"వినాయకుడివి చేటంత చెవులు. టెంకాయ చప్పుడు మనకంటే ఆయనకే గట్టిగా వినపడింది. అప్పుడాయన ఏం చేశాడు? చెవులు మూసుకున్నాడు. మన పూజిత మాదిరే."

బల్ల కింద నుంచి రెండు కళ్ళు చూశాయి. గదిలో అందరి చేతులూ చెవుల మీదే ఉన్నాయి. ఎవరూ ఎవరి చేతులూ లాగడం లేదు. పిల్ల మెల్లగా పాక్కుంటూ వచ్చింది. గంగులప్ప ఎదురుగా నిలబడింది. ఆయన కూర్చుంటే కూర్చుంది, లేస్తే లేచింది. ఆ తర్వాత నవ్వింది. ఆ నవ్వు రాజశ్రీ మొదటిసారి విన్నది అప్పుడే. ఆయన అలిసి ఆగితే పూజిత ఒక చెవి వదిలి ఆయన పంచె పట్టి లాగింది, మళ్ళీ తియ్యమని. గుమ్మం దాకా వెళ్ళిన తిరుమలమ్మ సంచీ కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

కథ అయ్యాక రాజశ్రీ వాళ్ళతో రోడ్డు దాకా నడిచింది. బస్సొకటి పెద్దగా హారన్ కొడుతూ పోయింది. పూజిత చెవులు మూసుకుంది. అలవాటుగా నాయనమ్మ చెయ్యి లేచింది, మధ్యలో ఆగి పిల్ల తల నిమిరింది.

వచ్చే వారం వస్తారా అని అడగాలంటే రాజశ్రీకి భయం. తిరుమలమ్మే వెనక్కి తిరిగింది.

"వచ్చే వారం టెంకాయ కొట్టొద్దని ఆ యప్పకు చెప్పమ్మా" అంది. "గుంజీలు మాత్రం తియ్యమను."