అంగుళానికి మూడణాలు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను చిత్తూరులో ఒక మద్రాసు పత్రికకు విలేకరిని. విలేకరి అనగానే నెలజీతం ఉంటుందనుకునేరు. అచ్చయిన వార్తకు అంగుళానికి మూడణాలు, అంతే. రాసినదానికి కాదు, అచ్చయినదానికి. వార్త పైన పెట్టే తలకట్టు ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు.

నెలాఖరుకు పత్రికల్లోంచి నా వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అన్నం మెతుకులతో వరసగా అంటించి, స్కేలు పెట్టి కొలిచి, అడుగున మొత్తం వేసి మద్రాసుకు పంపాలి. ఆ పత్రిక కూడా నా డబ్బుతో నేనే కొనుక్కోవాలి. మద్రాసులో వాళ్ల స్కేలుతో మళ్లీ కొలిచేవారు. వాళ్ల అంగుళం ఎప్పుడూ నా అంగుళం కంటే పొడుగ్గా ఉండేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా కాగితం కరువొచ్చింది. పత్రిక పేజీలు తగ్గాయి, అక్షరాలు చిన్నవయ్యాయి. ఇదివరకు పదంగుళాలొచ్చే వార్త ఇప్పుడు ఆరంగుళాల్లో సర్దుకుపోయేది. నేను నడిచే దూరం మాత్రం అంతే ఉంది. అందుకని సిగ్గు విడిచి ఒక పాడు పని మొదలుపెట్టాను. ఎక్కడ సభ జరిగినా వేదిక మీది వాళ్ల పేర్లు, దండలు వేసినవాళ్ల పేర్లు, చివరికి వందన సమర్పణ చేసినాయన పేరు, అన్నీ రాసి వార్తను సాగదీసేవాణ్ణి. ఆఫీసులో సబ్‌ఎడిటరు ఆ పేర్లన్నీ కొట్టేసేవాడు. మర్నాడు ఆ పెద్దమనుషులు నన్ను బజారులో పట్టుకునేవారు.

"ఏమప్పా, కాపీ తాగేటప్పుడు రాస్తానంటివే, నా పేరు యాడ?"

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది నా కోసమే పుట్టిందేమో. ఊళ్లో అందరూ నాకు నమస్కారం పెట్టేవారు. అద్దె అడగడానికి వచ్చిన ఇంటాయన కూడా ముందు నమస్కారం పెట్టి తర్వాతే అడిగేవాడు.

ఆ ఏడు నా భార్య కాన్పుకని పలమనేరులో పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో తల్లినీ బిడ్డనీ తెచ్చుకోవడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. తెచ్చుకుందామని వెళితే మా మామ అడ్డం కూర్చున్నాడు. ఆయన నాకు పిల్లనిచ్చిన మామే కాదు, మా అమ్మకు స్వయానా తమ్ముడు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. ఆ చనువుతోనే అన్నాడు.

"నువ్వు చెడ్డోడివని కాదబ్బా. నీ యాపారమే నాకు అర్థం కాలేదు. ఒక్క నెల జీతం తెచ్చి ఈ చేతిలో పెట్టి సూపించు. నాకేం వద్దు, సూసి మళ్లా నీకే ఇస్తా. ఆ పొద్దే పిలుచుకోని పో."

లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉంది. నా భార్య తలుపు పక్కన నిలబడి ఉంది. నా వైపు చూడకుండా బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ కసితోనే నగరి వెళ్లాను. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతున్నాయని అంతకుముందే విన్నాను. మూడు రోజులు అక్కడే ఉండి ఇల్లిల్లూ తిరిగాను. సావుకారు నూలిచ్చి, చీర నేయించుకుని, కూలి ఇచ్చేటప్పుడు మాత్రం దారంలో ముడి కనిపించిందనీ, అంచు వంకర పోయిందనీ కోసేవాడు. ముడులున్న నూలు ఇచ్చింది ఆయనే. ఒక నేతగాడి ఇంట్లో రాగిసంగటి పెట్టారు. తిని చేయి కడుక్కుంటుంటే ఆయన అడిగాడు.

"ఇంత తిరగతా ఉండావు, నీకు వాళ్లు బాగా ఇస్తారాన్నా?"

"ఇస్తారు" అన్నాను. ఆ మనిషి దగ్గర కూడా ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ నాకు తెలియదు.

నగరి మీద రాసిన వ్యాసాన్ని పేర్ల పట్టీలతో సాగదీయలేదు. చూసిందే రాశాను. పత్రికలో మూడు రోజులు వరసగా వచ్చింది, రోజుకు ఇరవై అంగుళాలు. పైన 'మా ప్రత్యేక ప్రతినిధి' అని వేశారు. అంతకుముందు నా వార్తలన్నీ ఉత్త 'చిత్తూరు' పేరుతో వచ్చేవి. నా తెలివితక్కువతనం చూడండి, నాకు పదవి పెరిగిందనుకున్నాను. కాఫీ హోటల్లో బల్ల బల్లకూ తిరిగి ఆ మాట చూపించాను. పత్రికలు ఎక్కువ కొని ఒక ప్రతి పలమనేరుకు పంపించాను. ఆ నెల మొత్తం తొంభైయారు అంగుళాలు, పద్దెనిమిది రూపాయలు. కాగితం మీద మెతుకు అద్దుతుంటే నా కూతురు మొహమే కళ్లముందు మెదిలింది.

మనియార్డరు ఆరు రూపాయల పన్నెండణాలకు వచ్చింది.

ఎక్కడో పొరపాటు జరిగిందని నమ్మి మద్రాసు వెళ్లాను. మేనేజరు మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు. నా కత్తిరింపుల కాగితాలు తీయించి, నగరి వ్యాసం చుట్టూ ఎర్రసిరాతో గీసిన గీత చూపించాడు.

"ఇది మీది కాదండీ. ప్రత్యేక ప్రతినిధి అంటే ఆఫీసు మనిషి. ఆఫీసు రచనకు అంగుళాల లెక్క ఉండదు."

"అది నేనే రాశాను కదండీ."

"మీరు సమాచారం పంపారు. మా సబ్‌ఎడిటరు దిద్దారు. అయినా మీ వార్తకు అంత గౌరవం దక్కింది, సంతోషించండి."

నగరిలో ముడులు చూపించి కూలి కోసే సావుకారు మీద మూడు రోజులు నిప్పులు చెరిగిన మనిషిని నేను. ఆ మేనేజరు ముందు మాత్రం "అలాగేనండీ" అన్నాను. గట్టిగా మాట్లాడితే ఉన్న మూడణాలూ పోతాయని భయం. ఆ భయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నమస్కారం పెట్టి మెట్లు దిగాను.

చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని ఎన్నాళ్లుగానో నన్ను గుమాస్తాగా రమ్మంటున్నాడు. నా చేతిరాత బాగుంటుందని ఆయనకు ఇష్టం. ఒక్కటే షరతు పెట్టాడు.

"ఆ పేపరు తిరుగుళ్లు మానుకోవల్ల. రెండు పడవల మీద కాళ్లు పెడితే నాకు కుదరదప్పా."

సరేనన్నాను. ఒక నెల జీతం, ఇరవై అయిదు రూపాయలు, ముందుగానే ఇచ్చాడు.

మర్నాడే బొగ్గు బస్సెక్కాను. పెట్రోలు దొరకని రోజులవి. మొగిలి కనుమ ఎక్కలేక బస్సు ఆగితే అందరం దిగి తోశాం. పలమనేరు చేరి మామ చేతిలో ఆ డబ్బు పెట్టాను. ఆయన కళ్లకద్దుకున్నాడు. ఎక్కడిదని అడగలేదు. పక్కింటాయన్ను కేకేసి పిలిచాడు.

"సూడబ్బా! కాగితం మీద రాసినా కూడు పుడతాదంట. నేనే తప్పుగా అనుకుంటిని."

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే నా భార్య బిడ్డను భుజాన వేసుకుని బయటికొచ్చింది. చేతిలో నేను పంపిన పత్రిక ఉంది, మడత నలగకుండా దాచుకుంది. పక్కింటాయనకు ఆ వ్యాసం చూపించి, "ఇది ఈయన రాసిందే" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను అంత గర్వంగా చూడ్డం అదే మొదటిసారి.

మామ డబ్బు నా జేబులో పెట్టి భుజం తట్టాడు.

"ఈ పని మాత్రం ఇడిసిపెట్టొద్దు నాయనా. వచ్చే నెల మన పలమనేరులో పాలు పోసేవాళ్ల కష్టం కూడా రాయి."

"రాస్తాను మామా" అన్నాను.

సోమవారం నుంచి మండీలో కూర్చున్నాను.